పచ్చ గీత

దుప్పటి మడతపెట్టాలంటే నాకు ఈమధ్య భయం. నవ్వకండి. గాలివానలో విమానం దించినదాన్ని, ఆకాశంలో ఒక ఇంజిన్ మొరాయిస్తే రెండోదానితో జాగ్రత్తగా వెనక్కి తెచ్చినదాన్ని. అలాంటిది ఆరిన దుప్పటి కొసలు రెండూ కలిపి గడ్డం కింద నొక్కుకునేసరికి నా వేళ్ళు చల్లబడిపోతున్నాయి. ఎందుకో తర్వాత చెబుతాను. ఆరోజు ఉదయం బాల్కనీ తీగ మీంచి అత్తయ్య పక్కబట్టలు తీసుకొచ్చి సోఫా మీద కుప్పపోశాను. మోకాలి ఆపరేషనయ్యాక ఆవిడ వాకర్ పట్టుకుని మెల్లిగా తిరుగుతోంది. బాత్రూము దాకా చేరేలోపే ఒక్కోసారి పక్క తడిసిపోతుంది. పాపం అందుకు ఆవిడ సిగ్గుపడుతుంది, సిగ్గుపడి నా మీద విసుక్కుంటుంది. లోపల మా అమ్మాయి రెండు రోజుల జ్వరం తగ్గి నిద్రపోతోంది. ఒక దుప్పటి తీసి కొసలు వెతుక్కుంటుంటే ఫ్రిజ్ మీద నా సెల్‌ఫోను మోగింది.

"మోగుతోందమ్మా" అంది అత్తయ్య కుర్చీలోంచి.

"మోగనివ్వండి అత్తయ్యా."

మా ఉద్యోగంలో ఫోను ఎత్తడమంటే సగం ఒప్పుకోవడమే. ఏ విమానానికి ఎవరు వెళ్ళాలో సర్దేవాళ్ళు ఒక గదిలో కూర్చుంటారు, షెడ్యూలింగ్ గది అంటాం. వాళ్ళ ఎదురుగా పెద్ద తెర మీద మా అందరి బతుకులూ అడ్డగీతలుగా ఉంటాయి. డ్యూటీలో ఉంటే నీలం గీత, రెస్టులో ఉంటే పచ్చ గీత. రెస్టులో ఉన్న పైలట్ ఫోను ఎత్తనక్కర్లేదు, అది నియమం. ఎత్తితే మాత్రం దొరికిపోయినట్టే. అవతలి మనిషి "ఫిట్టేనా కెప్టెన్?" అంటాడు. ఫిట్ అనో కాదనో చెప్పి తీరాలి, ఆ చెప్పింది రికార్డవుతుంది. అందుకే మా పైలట్ల ఇళ్ళల్లో పిల్లలకి మాటలు రాగానే నేర్పే మొదటి అబద్ధం "అమ్మ ఇంట్లో లేదు", "నాన్న ఇంట్లో లేరు". మా ఇంట్లో ఆ అబద్ధం చెల్లదు. ఆ షెడ్యూలింగ్ గదిలో కిటికీ పక్క కుర్చీ మా ఆయనది.

భార్య గీతని భర్త ముట్టుకోకూడదని కంపెనీ వాళ్ళు ముందే చెప్పారు కాబట్టి నా గీత పక్క కుర్చీ మనిషి చూస్తాడు. పావుల్ని జరిపినట్టు మనుషుల్ని జరుపుతాడని అందరూ అతన్ని చదరంగం అంటారు. ముఖం మీదే అంటారు, అతనూ నవ్వుతాడు. ఆ గదిలో పచ్చ అంటే ఖాళీ అని అర్థం. "ఎవరు పచ్చగా ఉన్నారో చూడు" అనుకుంటారు ఒకళ్ళతో ఒకళ్ళు. పెళ్ళయిన కొత్తలో మా ఆయన ఇంటికొచ్చి ఆ మాట చెబితే కడుపు పట్టుకుని నవ్వాను. పెద్దవాళ్ళు మన కాపురం పచ్చగా ఉండాలని దీవించింది ఇందుకేనా అని ఏడిపించాను. అతనూ నవ్వాడు. ఆ తర్వాత ఇంట్లో అదొక మాటగా స్థిరపడిపోయింది. గ్యాస్ అయిపోతే "నువ్వు పచ్చగా ఉన్నావుగా, కాస్త చూడు". వాళ్ళమ్మని డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళాలంటే "నువ్వు రేపంతా పచ్చేగా". నవ్వడం నేనెప్పుడు మానేశానో గుర్తులేదు.

సెల్‌ఫోను మోగి మోగి ఊరుకుంది. హమ్మయ్య అనుకుని దుప్పటి కొసలు కలుపుతున్నాను. అంతలో అత్తయ్య కుర్చీ పక్కనున్న ఇంటి ఫోను మోగింది. ఆవిడ ఎత్తింది.

"ఏరా... ఆఁ, ఇంట్లోనే ఉందిగా! ఊరికే కూర్చుని దుప్పట్లు మడతపెట్టుకుంటోంది. ఇస్తానుండు" అంది. నేను నిలబడే ఉన్నాను. ఆవిడ కళ్ళ ముందే నిలబడి ఉన్నాను. "వాడేనమ్మా. గొంతు అదోలా ఉంది. ఏమిటో కంగారుగా మాట్లాడుతున్నాడు" అని ఫోను చాపింది.

గొంతు అదోలా ఉంది అనగానే నాకింకేమీ గుర్తురాలేదు. ఆరోజే పగటి షిఫ్టుకి మారి, ఉదయం మోటారుసైకిల్ మీద వెళ్ళాడు, రోడ్డంతా తవ్వి పెట్టారు. దుప్పటి అక్కడే పడేసి పరిగెత్తి ఫోను లాక్కున్నాను. "ఏమైంది? ఎక్కడున్నావు?" అన్నాను.

"ఏం కాలేదు. ఒక్క నిమిషం, లైన్లో ఉండు" అన్నాడు మా ఆయన.

టిక్కుమని చిన్న చప్పుడైంది. ఆ చప్పుడు మాకందరికీ తెలుసు, రికార్డింగ్ లైన్లోకి కలిపినప్పుడు వచ్చేది. తర్వాత చదరంగం గొంతు, తేనె పూసినట్టు. "నమస్తే కెప్టెన్. రెస్టులో ఉన్నారు, ఇబ్బంది పెడుతున్నాను. మధ్యాహ్నం వెళ్ళాల్సిన కెప్టెన్ గారికి కడుపునొప్పి. ఎవరెవరినో అడిగాను. మొత్తం తెర మీద మీరొక్కరే పచ్చగా ఉన్నారు. ఒక్క పోకా రాకా, అంతే. ఫిట్టేనా కెప్టెన్?"

నా మొగుడే నన్ను ఫోను దగ్గరకి రప్పించి వల వేశాడని అర్థమయ్యేసరికి జవాబు చెప్పాల్సిన సమయం వచ్చేసింది. కాదు అనే మాట నోట్లోనే ఉంది. రెండక్షరాలు. దాంతోపాటే మా పెద్దాయన గది కూడా గుర్తొచ్చింది. పైలట్లందరి మీదా అధికారి ఆయన. నాకంటే సీనియర్ కెప్టెన్ ఒకావిడ, నాకు చాలా నేర్పినావిడ, అలసిపోయానని వరసగా కొన్నిసార్లు ఫోనులో కాదంది. పెద్దాయన ఆవిడని గదికి పిలిచి, కుర్చీ వేయించి, మంచినీళ్ళిప్పించి, చాలా మర్యాదగా అడిగారట. "ఇల్లూ ఉద్యోగం సర్దుకోలేకపోతున్నట్టున్నారు. తప్పేం లేదమ్మా, ఆడవాళ్ళకి ఇల్లే ముఖ్యం. నేలమీద ఏదైనా పని చూడమంటారా?" ఆవిడిప్పుడు కొత్తవాళ్ళకి క్లాసులు చెబుతోంది. అద్దాల్లోంచి విమానాలు లేస్తుంటే పాఠం ఆపి చూస్తుందని పిల్లలు చెప్పుకుంటారు. అలసిపోయాననే మగ కెప్టెన్లు లేరా అంటే ఉన్నారు. వాళ్ళు అలసిపోతే పని ఎక్కువైందని అంటారు. మేం అలసిపోతే మేమే తక్కువయ్యామని అంటారు.

"ఫిట్" అన్నాను.

"థాంక్యూ కెప్టెన్, మీరు బంగారం" అన్నాడు చదరంగం. మా ఆయన మళ్ళీ లైన్లోకి రాలేదు.

అత్తయ్య నావంక జాలిగా చూసింది. "పోనీలే, ఇంట్లో ఉండి ఉండి నీకూ విసుగేగా. కాస్త గాలిమార్పు. ఏసీలో కూర్చుని చేసే పనే కదా" అంది. ఆవిడ మంచికే అంది. ఆవిడెప్పుడూ మంచికే అంటుంది. "తెల్లమాత్ర ముందా, గులాబీదా? ఏదో తీసిపెట్టి వెళ్ళు" అని కూడా అంది.

ఆ రెండు రోజుల పచ్చ గీతలో ఏముందో చెబుతాను. నేను డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి అమ్మాయి ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. మా ఆయన వారమంతా నైట్ షిఫ్టులు చేసి ఉన్నాడు. "నాకు బుర్ర పనిచెయ్యట్లేదు. కాస్త తలుపు దగ్గరగా వేసి, మందం కర్టెన్ లాగు" అని పడుకున్నాడు. నేను అమ్మాయి నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ కూర్చున్నాను. గుడ్డ మార్చడం అయ్యాక అత్తయ్య పిలుపు, పక్క మార్చడం అయ్యాక అమ్మాయి వాంతి, అది కడగడం అయ్యాక వంట, వంట అయ్యేసరికి మా ఆయన లేచాడు. లేచి అన్నం తిని, అమ్మాయి తల నిమిరి, "జ్వరం తగ్గుతోందిలే" అని డ్యూటీకి వెళ్ళాడు. మర్నాడూ అంతే. కాసేపు నువ్వు చూస్తే నేను పడుకుంటానని ఒకసారి అడిగాను. "నీకేమోయ్, నీ రెస్టుకి చట్టం ఉంది. నీకు రెస్టు తగ్గితే మా ఉద్యోగాలు పోతాయి. మా నిద్ర గురించి ఏ చట్టం ఉంది?" అన్నాడు. నిజమే, లేదు. అందుకని ఆ మందం కర్టెన్ వెనకాల నా చట్టం కప్పుకుని అతను పడుకున్నాడు. నేను అమ్మాయి మంచం పక్క నేలమీద ఒరిగి, ఎవరో ఒకరు పిలిచేదాకా కళ్ళు మూసుకున్నాను. తెర మీద మాత్రం ఆ రెండు రోజులూ ఒక్క మరక లేకుండా పచ్చగా ఉన్నాయి.

యూనిఫాం వేసుకుని అమ్మాయి దగ్గరికెళితే కళ్ళు తెరిచి నా వేలు పట్టుకుంది. చెయ్యి చల్లగానే ఉంది, జ్వరం లేదు. నాన్న సాయంత్రం వచ్చేస్తారని చెప్పాను. వేలు విడిపించుకోవడానికి చాలాసేపు పట్టింది. కంపెనీ కారులో కూర్చున్నాక మొదలైంది అసలు భయం. దాచుకున్నది చెబుతానన్నాను కదా, ఇదే.

కిందటి వారం ఒక తెల్లవారుజామున దిగుతున్నాం. రన్‌వే దీపాలు కనబడుతున్నాయి. నా చెయ్యి థ్రాటిల్ మీద ఉంది, ఇంజిన్ల జోరు పెంచేదీ తగ్గించేదీ ఆ పిడే. ఒక మేఘం అడ్డొచ్చింది, తెల్లగా, పల్చగా. అంతే, నేను మా బాల్కనీలో ఉన్నాను. చేతిలో అత్తయ్య దుప్పటి కొస ఉంది. రెండో కొస దొరకడం లేదు. గాలికి ఎగిరిపోతుందేమోనని ఉన్న కొసని గట్టిగా నా వైపు లాక్కుంటున్నాను. బాల్కనీలో ఎండ కూడా ఉంది, నా మెడ మీద వెచ్చగా తగిలింది. అప్పుడు పక్కనుంచి ఎవరో "కెప్టెన్, స్పీడ్" అన్నారు. చాలా మామూలుగా అన్నారు. చూసుకుంటే నా చేతిలో దుప్పటి లేదు. ఇంజిన్ల పిడి ఉంది, దాన్ని నేను వెనక్కి లాగేస్తున్నాను, విమానం వేగం పడిపోతోంది. ముందుకు తోశాను. చక్రాలు కాస్త గట్టిగా తగిలాయి. వెనకాల ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. కో పైలట్ గాలి మూలంగా అనుకున్నాడు. తలుపు దగ్గర నిలబడి దిగేవాళ్ళకి నమస్కారాలు చెబుతుంటే ఒక ముసలాయన చంకలో నిద్రపోతున్న పాపతో నా ముందునుంచి వెళ్ళాడు. ఆ పాప కాళ్ళకి ఒకే చెప్పు ఉంది. నేను బాత్రూములోకి వెళ్ళి గడియ వేసుకుని, వాంతి చేసుకున్నాను.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. "నిద్రపోయాను. దిగేటప్పుడు నిద్రపోయాను" అన్నాను. అతను షూస్ విప్పుతున్నాడు. "అందరూ కునుకు తీస్తారు. నువ్వేం కొత్తా? ఎవరితోనూ అనకు. రిపోర్టు పెడితే మెడికల్ పరీక్షలంటారు, నెలల తరబడి ఇంట్లో కూర్చోబెడతారు" అన్నాడు. ఇంట్లో కూర్చోబెడతారు అనే మాటకి నాకు అంత భయంలోనూ నవ్వొచ్చింది. ఆ తర్వాత నుంచీ నేను నా తలని నమ్మడం మానేశాను. పళ్ళెం కడుగుతూ ఇది నిజంగా పళ్ళెమేనా అని చూసుకుంటాను. ఇప్పుడు నేను నిజంగా వంటింట్లోనే ఉన్నానా, లేక ఎక్కడో గాల్లో నూటయాభై మందిని వెనకాల కూర్చోబెట్టుకుని వంటిల్లు కలగంటున్నానా అని కాళ్ళ కింద నేలని తొక్కి చూసుకుంటాను. దుప్పటి పట్టుకుంటే మరీను. కారు సీటు అంచు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను ఆ దారంతా. కారాపమని డ్రైవరుకి చెప్పాలని చాలాసార్లు నోరు తెరిచాను. అతను అద్దంలోంచి చూసి ఏసీ పెంచాడు.

మా ఆయన దుర్మార్గుడు కాదు. అదే నా బాధ. మా పరిచయం ఫోనులోనే. నేను కొత్త కో పైలట్‌ని, అతను కొత్తగా ఆ గదిలో చేరాడు. "ఫిట్టేనా మేడమ్?" అని అడిగితే ఫిట్ అనబోయి ఆవలించాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత "మీ ఆవలింత నాకూ అంటుకుంది మేడమ్. మీరెళ్ళి పడుకోండి, ఇంకెవర్నైనా చూసుకుంటాను" అన్నాడు. నన్ను వెళ్ళి పడుకోమన్న మొదటి మగాడు అతనే అని స్నేహితురాళ్ళతో అంటే వాళ్ళు వేరే అర్థాలు తీసి పడీపడీ నవ్వేవాళ్ళు. నేను మాత్రం ఆ గొంతునే పెళ్ళి చేసుకున్నాను. ఫోనులో ఆవలింత విని ఆగిపోయిన మనిషికి, పక్క మంచం మీద మనిషి నిద్రపోతోందో లేదో ఎందుకు తెలియకుండా పోయిందని చాలాసార్లు ఆలోచించాను. ఆఫీసులో నిద్ర అతని పని. ఇంట్లో నిద్ర అతని హక్కు. నేను ఆ రెంటి మధ్యా ఎక్కడా లేను.

ఎయిర్‌పోర్టులో మా గదికి వెళ్ళేసరికి కో పైలట్ అప్పటికే వచ్చి వాతావరణం కాగితాలు బల్ల మీద పరుస్తోంది. చిన్నగా, చురుగ్గా ఉంటుందని అందరూ ఆ పిల్లని పిచ్చుక అంటారు. ఈమధ్యే పెళ్ళయింది, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. "గుడాఫ్టర్నూన్ మేడమ్" అంటూ లేచి నిలబడింది. అద్దం అవతల మా ప్రయాణికులు బారులు తీరి ఉన్నారు. ఒకావిడ కొడుకు చొక్కా బొత్తాలు సరిచేస్తోంది. ఇద్దరు ముసలివాళ్ళు ఒకే సీసాలోంచి నీళ్ళు తాగుతున్నారు. నేను వాళ్ళ వైపు వీపు పెట్టి కూర్చున్నాను.

పిచ్చుక చదువుతోంది. దారిలో మబ్బులున్నాయి, దిగే చోట పక్కగాలి ఉంది, ఇంధనం ఇంత వేసుకుందాం అంటోంది. నేను ఊఁ కొడుతున్నాను. అన్నీ సరిగ్గానే వింటున్నానని నాకు బాగా గుర్తు. గాలి దిశ అడిగాను కూడా. అప్పుడు పిచ్చుక చదవడం ఆపేసింది.

"మేడమ్" అంది మెల్లిగా. "మేడమ్, అది వాతావరణం కాగితం."

చూసుకున్నాను. బల్ల మీద ఉండాల్సిన పొడుగాటి కాగితం నా గడ్డం కింద ఉంది. రెండు కొసలూ కలిపి, గడ్డంతో నొక్కిపట్టి, రెండు చేతులా కిందికి నిమిరి, సగానికి మడిచి, మళ్ళీ సగానికి మడుస్తున్నాను. అంచుకి అంచు ఎంత బాగా కుదిరిందంటే అత్తయ్య చూస్తే మెచ్చుకునేది. నా కళ్ళు తెరిచే ఉన్నాయి. కూర్చునే ఉన్నాను, మాట్లాడుతూనే ఉన్నాను, పట్టపగలు.

కాగితం బల్ల మీద పెట్టాను. అది పెట్టేటప్పుడు చప్పుడు రాకూడదన్నంత జాగ్రత్తగా పెట్టాను. పిచ్చుక నవ్వాలో వద్దో తెలియక నిలబడి ఉంది. ఆ పిల్ల ముక్కుపుటాలు వెడల్పయ్యాయి, దవడ బిగుసుకుంది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవలింతని నోరు తెరవకుండా మింగేటప్పుడు అలాగే అవుతుంది. పెద్దవాళ్ళ ముందు ఆవలించకూడదని నేర్చుకున్న ఆడపిల్లలందరం అలాగే మింగుతాం.

"రెస్టు సరిపోయిందా?" అన్నాను.

"ఫుల్ రెస్టు మేడమ్. రెండు రోజులు ఇంట్లోనే ఉన్నాను."

"ఇంట్లో ఉన్నావా అని కాదు. నిద్రపోయావా?"

పిచ్చుక తలుపు వైపు చూసింది. "మా ఆడపడుచు వాళ్ళు వచ్చారు మేడమ్. ఇంటినిండా జనం. కొత్తకోడలు ముందే పడుకుంటే బాగోదని..." అని ఆగింది. "కానీ ఫిట్టే మేడమ్. ఫోనులో ఫిట్ అనే చెప్పాను. నాకింకా ప్రొబేషన్, మేడమ్."

రెండు పచ్చ గీతలు ఎదురెదురుగా కూర్చుని ఉన్నాయి. ఇద్దరికీ నిండుగా రెస్టు. నియమాల పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిరగేసినా మా ఇద్దరినీ ఆపే వాక్యం ఒక్కటి లేదు. ఇంకాసేపట్లో మేం తలుపు మూసుకుని ముందు కూర్చుంటాం. నేను దుప్పటి మడతపెట్టుకుంటూ ఉంటే పక్కనుంచి "కెప్టెన్, స్పీడ్" అనాల్సిన పిల్ల ఎవరికో మంచినీళ్ళు అందిస్తున్నట్టు కలగంటూ ఉంటుంది. వెనకాల ఆ తల్లి కొడుకు బొత్తాలు పెడుతూ ఉంటుంది.

లేచి గోడ ఫోను దగ్గరకి వెళ్ళాను. పెద్దాయన గది, మంచినీళ్ళ గ్లాసు, నేలమీది క్లాసు గది, పాఠం ఆపి కిటికీలోకి చూసే ఆవిడ, అన్నీ కనబడ్డాయి. నాకు విమానం అంటే ప్రాణం. చిన్నప్పట్నుంచీ నాకోసం నేను కోరుకున్నది అదొక్కటే. అది పోతుందేమోనన్న భయం, అది నా చేతుల్లోనే కూలిపోతుందేమోనన్న భయం, రెండూ ఒకేసారి వచ్చాయి. మొదటిది నా ఒక్కదాని భయం. నంబరు నొక్కాను.

"షెడ్యూలింగ్" అన్నాడు మా ఆయన. చదరంగం కుర్చీలో లేనట్టున్నాడు.

"కెప్టెన్‌ని మాట్లాడుతున్నాను. నేను ఫిట్‌గా లేను. నా కో పైలట్ కూడా ఫిట్‌గా లేదని కెప్టెన్‌గా నేనే చెబుతున్నాను, ఆ అమ్మాయిని ఎవరూ అడగనక్కర్లేదు. మేం ఈ విమానం తీసుకెళ్ళం."

అవతల కీబోర్డు చప్పుడు ఆగింది. "ఇందాక ఫిట్ అన్నారు కదా కెప్టెన్" అన్నాడు ఆఫీసు గొంతుతో.

"భయపడి అన్నాను."

"ఏయ్" అన్నాడు గొంతు తగ్గించి. "ఏమిటిది? లైన్ రికార్డవుతోంది. జనం గేటు దగ్గర నిలబడ్డారు. పెద్దాయనకి నేనేం చెప్పుకోను? ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం."

"రికార్డవనివ్వండి సార్. కారణం అడగండి. అడగాలి కదా."

వెనకాల వేరే ఫోన్లు మోగుతున్నాయి. చివరికి అడిగాడు. "కారణం?"

"నిద్ర లేదు."

"మీకు రెండు రోజులు నిండా రెస్టు ఇచ్చాం కెప్టెన్. తెర మీద పచ్చగా కనబడుతోంది."

నాకు ఏడుపు రాలేదు, అదే ఆశ్చర్యం. పైగా భయం కూడా ఎక్కడికో పోయింది, లేదా నా గొంతులోంచి అదే మాట్లాడిందేమో తెలియదు. "ఇచ్చారు సార్, మీరు నియమం ప్రకారం పూర్తిగా ఇచ్చారు" అన్నాను. "ఇంట్లో దాన్ని నువ్వు తీసుకున్నావు."

మీరు అన్నదీ నువ్వు అన్నదీ ఒకే మనిషినని టేపు వినేవాళ్ళకి అర్థమవుతుందో లేదో. అతనికి మాత్రం అర్థమైంది. ఊపిరి తీసుకోవడం వినబడింది. కాదని అనలేదు. మందం కర్టెన్ గుర్తొచ్చి ఉంటుంది.

"ఇంకొకటి" అన్నాను. "ఫిట్‌గా లేని సిబ్బందికి నిద్రపోవడానికి తగిన చోటు ఇవ్వాలి. మా ఇద్దరికీ పక్కనున్న హోటల్లో చెరొక గది ఇప్పించండి."

"గదెందుకు? ఇల్లుందిగా!" అన్నాడు మా ఆయన. వాళ్ళమ్మ గొంతు అచ్చంగా దిగిపోయింది.

"ఇల్లుంది సార్. అది విశ్రాంతికి తగిన చోటు కాదని రాసుకోండి."

నేనొక్కదాన్నే పచ్చగా ఉన్నానన్నవాళ్ళకి వేరే ఇద్దరు దొరికారు. ఆలస్యమైంది, జనం విసుక్కున్నారు, ఒకాయన అద్దం మీద చేత్తో కొట్టాడు కూడా. పెద్దాయన దగ్గర్నుంచి ఫోనొచ్చింది, చాలా మర్యాదగా, ఎల్లుండి వీలు చూసుకుని ఒకసారి గదికి రమ్మన్నారు. వెళ్ళాలి. అక్కడ కుర్చీ వేయిస్తారు, మంచినీళ్ళిప్పిస్తారు. ఈసారి ఆ క్లాసు గదిలో కుర్చీ నాకోసమే ఖాళీ చేస్తారేమో తెలియదు. పిచ్చుక తన గది తలుపు తీస్తూ "మేడమ్, మా అత్తగారికి ఏం చెప్పను?" అని అడిగింది. డ్యూటీలో ఉన్నానని చెప్పమన్నాను. ఇప్పటివరకూ పిల్లలకి నేర్పిన అబద్ధం కంటే అదే నిజానికి దగ్గరగా ఉందనిపించింది.

నా గదిలో కర్టెన్లు నేలదాకా ఉన్నాయి. మంచం మీద దుప్పటి ఎవరో గట్టిగా లాగి, నాలుగు వైపులా దోపి పెట్టారు. కాసేపు దాని ముందు నిలబడ్డాను. ముట్టుకుంటే వేళ్ళు చల్లబడతాయేమోనని చూశాను. తర్వాత కొసలు వెతకకుండా, సర్దకుండా, మధ్యలోంచి దూరి పడుకున్నాను. అమ్మాయి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. నాన్న వచ్చేశారట, జ్వరం లేదట, ఇద్దరూ రొట్టె తింటున్నారట. ఆ తర్వాత మా ఆయన మెసేజ్. "అమ్మ పక్క తడిసింది. ఆరిన దుప్పట్లెక్కడ?"

సోఫా మీదే ఉన్నాయి, పొద్దున నేను పడేసినట్టే, కుప్పగా, మడతపెట్టకుండా. కళ్ళు తెరిచి చూస్తే కనబడతాయి.

మెసేజ్‌కి జవాబు వెళ్ళకపోయేసరికి ఫోను మోగడం మొదలుపెట్టింది. తెర మీద అతని పేరు. పొద్దున్నుంచీ ఆ చప్పుడంటేనే గుండె గుభేలుమంటోంది, ఇప్పుడూ అంది. కానీ రెస్టులో ఉన్న పైలట్ ఫోను ఎత్తనక్కర్లేదు. ఆ నియమం మా ఆయనకి నాకంటే బాగా తెలుసు. అది అలా మోగుతూ ఉండగానే నాకు నిద్ర పట్టేసింది.